బోల్టు కింది రంగు

నా చిన్నప్పుడు భయం ఏ క్షణంలో నాలోకి వచ్చిందో నాకు ఇప్పటికీ కచ్చితంగా తెలుసు. మా ట్రాక్టరు వెనక రాత్రంతా నిప్పుకణికల్లా వెలిగే రెండు దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ చీకట్లో మా నాయనమ్మ వంగి, పెద్ద చక్రానికి అడ్డం పెట్టిన రాయి మీద రెండు చేతులూ వేసింది. అంతవరకు నేను భయపడింది ఆ దీపాలకు. ఆ క్షణంలో మాత్రం దీపాలు గుర్తుకు కూడా రాలేదు. వాలు మీద నిలబడ్డ బండికి ఇక ఆ రాయి తప్ప వేరే ఆధారం లేదు. అది కదిలితే చక్రం ఎవరి మీదికి వస్తుందో వాకిట్లో నా ఒక్కదానికే తెలుసు. బ్రేకు కొక్కెం ఎలా తీయాలో నాయనమ్మకు చూపించింది నేనే.

ఇది రాస్తున్నప్పుడు రాత్రి పన్నెండు దాటింది. వరంగల్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చున్నాను. పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని ఇప్పుడిప్పుడే నిద్రపోయారు. మా ఆయన రోజూ నర్సంపేటకు వెళ్లివస్తాడు. చలికాలం పొద్దున్నే ఆ దారిలో పొగమంచు ఉంటుందని, పోయిన వారం మా పాత కారు ముందు రెండు అదనపు లైట్లు పెట్టించాడు. ఈ సాయంత్రం కారు ఆపి, తాళం జేబులో వేసుకుని లోపలికి వచ్చాక కూడా ఎడమవైపు లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. కిటికీలోంచి మొదట చూసింది ఎనిమిదేళ్ల మా పెద్దది. "అమ్మా, కారు మన దిక్కే చూస్తాంది" అంది. పోయిన నెల చనిపోయిన పక్కింటి తాత అందులో కూర్చున్నాడా అని చిన్నవాడు అడిగాడు. ఏం లేదు, పడుకోండి అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తలుపు గడియ రెండుసార్లు, గ్యాసు మూడుసార్లు చూసి వచ్చాను. కిటికీ దగ్గరికి మాత్రం పోలేదు.

మా ఊరు నెక్కొండకు దగ్గర. పదేళ్ల వయసులో నేను మా నాన్న, నాయనమ్మ, పెద్దమ్మలతో ఉండేదాన్ని. అమ్మ తమ్ముణ్ని కనడానికి పుట్టింటికి వెళ్లింది. పెద్దమ్మ అంటే మా నాన్న అన్న భార్య. పెద్దనాన్న ఆ ఏడు ఎండాకాలంలోనే పోయాడు.

ట్రాక్టరు ఇద్దరన్నదమ్ములదీ అయినా దానికి అసలు యజమాని పెద్దనాన్నే. రాత్రిపూట దున్నేటప్పుడు వెనక నాగలి కనపడాలని ఆయన రెండు పాత స్కూటర్ల హెడ్‌లైట్ డొప్పలు తెచ్చి, వాటిలో బ్రేకు లైటుకు వాడే చిన్న బల్బులు వేసి, వెనక చక్రాల మీది రెండు మడ్‌గార్డులకు బిగించాడు. రెండింటికీ ఒకటే స్విచ్చి. ఎడమ దీపం ఉన్న ఇనుప పట్టీకే, దాని కింద, బ్రేకు తొక్కితే వెలిగే ఎర్రదీపం కూడా ఉండేది. ఆ వైర్లన్నీ ఆయనే లాగాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తప్పు చేస్తూ, ఫ్యూజులు కాల్చుకుంటూ తనంతట తానే తెలుసుకున్నాడు. చీకటి పడ్డాక ఆయన బండి కింద దూరితే, పెద్దమ్మ పక్కన కూర్చుని టార్చిలైటు పట్టుకునేది.

ఆయనకు జ్వరం ముదిరిన రాత్రి అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. ట్రాలీలో పడుకున్న మనిషి మీద వెలుగు పడాలని వెనక దీపాలు రెండూ వేశారు. నాయనమ్మ గడపలో నిలబడి, ఆ దీపాలు వీధి చివర చుక్కలై మాయమయ్యేదాకా చూసింది. ఆమె తన కొడుకును చివరిసారి ప్రాణంతో చూసింది ఆ వెలుగులోనే. మర్నాడు ఆయన్ను వేరే బండిలో తీసుకొచ్చారు.

ఆ ఏడు మాకు దసరా లేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది నిండేదాకా పండుగలు చేసుకోరు. కానీ బండికి పూజ చేయకుండా పత్తి పనికి తీయడానికి నాన్నకు మనసొప్పలేదు. కొత్త బట్టలు వద్దు, పిండివంటలు వద్దు, బండికి మాత్రం రంగు వేసి పసుపు కుంకుమ పెడదామన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. ఏడాది నిండని ఇంట్లో రంగులేమిటి, వాడు చూస్తే ఏమనుకుంటాడు అని రోజంతా గొణుగుతూనే ఉంది. నాన్న వినలేదు. ఒక చిన్న బ్రష్షు, ఎర్రరంగు డబ్బా నా చేతికిచ్చి ఎడమ మడ్‌గార్డు నాకు వదిలేశాడు. అంత పెద్ద పని నాకెవరూ అంతకుముందు ఇవ్వలేదు. దీపం పట్టీ బోల్టు విప్పించుకుని, ఆ పట్టీ కింద, బోల్టు చుట్టూ, బోల్టు మీద కూడా రెండు పూతలు వేశాను. ఒక్క చుక్క పాత ఇనుము కనపడకూడదన్నది నా పట్టుదల. రంగు ఆరాక నాన్న మళ్లీ బిగించాడు.

పండుగ పోయిన నాలుగో రాత్రి నాయనమ్మ నీళ్లకని బయటికి వెళ్లి, నీళ్లు తాగకుండానే వచ్చి మంచం మీద కూర్చుంది. మర్నాటి రాత్రి ఆమె లేచి వెళ్తుంటే వెనకే నేనూ వెళ్లాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. బండి ఆపి ఉంది. తాళం లోపల మేకుకు వేలాడుతోంది. అయినా వెనక రెండు దీపాలూ బూడిద కింది నిప్పుల్లా మందంగా, నారింజ రంగులో వెలుగుతున్నాయి. అవి దేనినీ వెలిగించడం లేదు. ఊరికే కళ్లు తెరుచుకుని ఉన్నట్టున్నాయి.

నాయనమ్మ మెల్లగా నడిచి వెళ్లి ఎడమ మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించింది.

"తిన్నవా కొడుకా?"

బండి రెండు కళ్లూ మూసుకున్నాయి. వాటి కింద ఎర్రదీపం మాత్రం నిండుగా తెరుచుకుంది. ఆమె చెయ్యి తీసింది. ఎర్రదీపం మసకబారి, కళ్లు మళ్లీ తెరుచుకున్నాయి.

నేను ఎలా లోపలికి వచ్చానో, దుప్పటి ఎలా కప్పుకున్నానో నాకు తెలియదు. ఆ దుప్పటి వాసన మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరవాత అది రోజూ జరిగింది. నాయనమ్మ తన పళ్లెంలో సగం అన్నం తీసుకుపోయి మడ్‌గార్డు మీద పెట్టేది. మిగిలిన సగమూ తినేది కాదు. పగలు నిద్రపోతూ, రాత్రి కాగానే గొంగడి కప్పుకుని బండి వెనక కూర్చునేది. పొద్దున నాన్న తాళం తిప్పితే బండి మూలిగేది గాని స్టార్టయ్యేది కాదు. బ్యాటరీ దిగిపోయి ఉండేది. "రాత్రంత తిరిగొచ్చిండు, అలిసిపోయిండు" అనేది నాయనమ్మ, బండి నుదుటి మీద చెయ్యి వేసి. మా నాన్న నమ్మాడో లేదో నాకు తెలియదు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు. నడుపుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

బ్యాటరీ అప్పటికే ముసలిది కావడంతో, రోజూ బండిని తోయడానికి మనుషుల్ని పిలవలేక నాన్న పండుగ పోయిన నాలుగో నాటి నుంచే ఒక ఉపాయం చేస్తున్నాడు. మా వాకిలి వీధికంటే ఎత్తు. దిగే వాలు మీద బండిని కిందికి ముఖం పెట్టి నిలిపేవాడు. బ్రేకు పెడళ్లను కిందికి తొక్కి కొక్కెంతో పట్టించి, వెనక చక్రం ముందు రాయి పెట్టేవాడు. గేరు వేసేవాడు కాదు. పొద్దున రాయి తీసి, కొక్కెం వదిలితే బండి దానంతట అదే దిగుతుంది. సగం వాలులో గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. పత్తి ఏరే రోజుల్లో మా ఊళ్లో ముసలి బ్యాటరీల బండ్లన్నీ అలాగే పడుకునేవి.

బండిని ఏం పట్టుకుంటదే అని నాయనమ్మ ఒక మధ్యాహ్నం నన్ను అడిగింది. నేను సంబరంగా చూపించాను. ఇదిగో రాయి, ఇదిగో కొక్కెం, పెడలు ఇలా అదిమితే కొక్కెం ఊడుతుంది అని ఆమె చేత కూడా చేయించి, మళ్లీ పట్టించాను. పెద్దవాళ్లకు నేర్పడం ఎంత బాగుందో అనుకున్నాను.

మర్నాడు నాన్న చేనులో పత్తికుప్పకు కావలి పడుకోవడానికి పోయాడు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమే. నడిరాత్రి మెలకువ వచ్చి చూస్తే నాయనమ్మ మంచం ఖాళీగా ఉంది. తలుపు దగ్గరికి వచ్చాను. కళ్లు రెండూ వెలుగుతున్నాయి. నాయనమ్మ బండి కుడిపక్కన, పెడళ్ల దగ్గర వంగి ఉంది. కొక్కెం ఊడిన చప్పుడు వినపడింది. కళ్లు ఆరిపోయాయి. బండి రాయి మీదికి ఒరిగి చిన్నగా కిర్రుమంది.

"కట్టేసిండ్రు బిడ్డా నిన్ను. ఇగ పో" అంది ఆమె. రాయి దగ్గరికి వచ్చి వంగింది. చక్రం ఆమె భుజంకంటే ఎత్తుంది.

లోపలికి పరుగెత్తి పెద్దమ్మ కాలు పట్టి లాగాను. చక్రం, నాయనమ్మ అని రెండే మాటలు అన్నాను. ఆమె లేచిన తీరు చూస్తే ఆ రాత్రి ఆమె నిద్రపోయిందని నేననుకోను. వాకిట్లోకి వచ్చి, నాయనమ్మ వైపు పోకుండా నేరుగా బండి ఎక్కి, రెండు కాళ్లతో బ్రేకు తొక్కి నిలబడింది. ఆమె కాళ్లు పెడళ్ల మీద పడగానే వెనక ఆ రెండు కళ్లూ మళ్లీ తెరుచుకున్నాయి.

పెద్దమ్మ మెడ తిప్పి వాటిని చూసింది. చాలాసేపు చూసింది. ఆ ముఖంలో భయం లేదు. దాచుకున్నది ఎవరో తీసి బయటపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"అత్తమ్మా, చీకట్ల పంపద్దు. రేపు నేనే తోలుత. లే" అంది మెల్లగా.

నాయనమ్మ చేతులు రాయి మీదే ఉన్నాయి. నేను వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది. ఆమె ఆ దీపాల వైపు చూసి, నన్ను చూసి, చివరికి లేచింది. పెద్దమ్మ కొక్కెం పట్టించి, దిగి, ఇంకో రాయి తెచ్చి మొదటి రాయి పక్కన పెట్టింది. తెల్లారేదాకా మేమిద్దరం గడపలో కూర్చున్నాం.

మర్నాడు పొద్దు గూకే వేళ, నాన్న మళ్లీ కావలికి పోయాక, పెద్దమ్మ అటక మీద నుంచి పెద్దనాన్న రేకుపెట్టె దించింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. కట్టింగ్ ప్లేరు, స్పానర్లు, రెండు వైర్ల కొసకు బల్బు కట్టిన టెస్టుల్యాంపు, గరుకు కాగితం, రెండు చివరలా క్లిప్పులున్న ఒక పొడుగాటి నల్లవైరు ఉన్నాయి. వాటిని గోనెసంచి మీద వరసగా పేర్చి, నా చేతికి టార్చిలైటు ఇచ్చింది.

"ఇన్నేండ్లు ఈ కొలువు నాది. జీతం లేదు గని తిట్లు మాత్రం మస్తుండేటియి. జర సక్కగ పట్టు" అంది.

నాకు ఆ బండిని ముట్టుకోవాలంటేనే వణుకు. నేను కదలకుండా నిలబడితే, ఆమె తన కాలితో బ్రేకు పెడలు అదిమి వదిలింది. మళ్లీ అదిమింది. తొక్కితే కళ్లు తెరుచుకుంటున్నాయి, వదిలితే మూసుకుంటున్నాయి.

"దయ్యానికి బ్రేకుతోటి ఏం పనే?" అంది.

నాకు నవ్వు రాలేదు గాని, టార్చి పట్టుకుని ఒక అడుగు దగ్గరికి జరిగాను. పెద్దనాన్న ఉన్నప్పుడు బండి చదునులో ఉండేది, కొక్కెం వేసే అవసరమే లేదు. కొక్కెం వేయడం మొదలుపెట్టింది నాన్న. కొక్కెం వేసినంతసేపూ బ్రేకు తొక్కినట్టే లెక్క. తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఎర్రదీపానికి పోయే కరెంటు రాత్రంతా పోతూనే ఉంది. మరి ఎర్రదీపం మసకగా ఎందుకుంది, స్విచ్చి వేయని కళ్లెందుకు వెలుగుతున్నాయి అన్నదే తేలాలి.

చేతకాని పని అది ఆమెకు. కొక్కెం పట్టించి కళ్లు తెరిపించాక, మొదట ఎడమ దీపంలో కొత్త బల్బు వేసింది. అదీ అదే నారింజ రంగులో కళ్లు తెరిచింది. ఫ్యూజు పీకింది. అన్నీ ఆరాయి. పెట్టింది. అన్నీ వెలిగాయి. బ్యాటరీ దగ్గర వైరు వదులైందేమోనని స్పానరు పెట్టి తిప్పబోతే, దాని తోక పక్కనున్న ఇనుముకు తగిలి నీలంగా మెరిసి ఫట్‌మంది. నేను టార్చి పారేసి పరుగెత్తాను. వానికి కోపమొచ్చింది అని నాయనమ్మ లోపలినుంచి అంది. తిరిగి వచ్చి చూస్తే పెద్దమ్మ గోనెసంచి మీద చతికిలబడి ఉంది. ఇక వదిలేస్తుందేమో అనుకున్నాను.

వదిలేయలేదు. ఆ పొడుగాటి నల్లవైరు తీసుకుంది. "మీ పెద్దనాయిన మూడోసారి చెయ్యి చాపితె గిదే ఇయ్యాలె. ఇయ్యకుంటె తిడ్తుండె" అంది. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు తగిలించింది. ప్లస్‌కు మాత్రం ఎన్నడూ పెట్టొద్దని నాకు రెండుసార్లు చెప్పింది. రెండో కొస పట్టుకుని, డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసినట్టు, ఒక్కొక్క చోట ఆనిస్తూ పోయింది. కుడి దీపం డొప్పకు ఆనిస్తే ఏమీ కాలేదు. ఎడమ పట్టీ మీద, నా ఎర్రరంగు మీద ఆనిస్తే ఏమీ కాలేదు. ఎడమ బల్బును పట్టుకున్న ఇనుప గుండ్రానికి ఆనించింది.

కళ్లు మూసుకున్నాయి. ఎర్రదీపం నిండుగా తెరుచుకుంది.

అచ్చం నాయనమ్మ చెయ్యి వేసినప్పటిలాగే. కానీ ఇప్పుడు అక్కడ ఎవరి చెయ్యీ లేదు. దయ్యం ఉందనుకున్నప్పుడు కూడా అంత భయం వేయలేదు.

అప్పుడు చెప్పింది పెద్దమ్మ. నేను తరవాత డిగ్రీలో మూడేళ్లు ఫిజిక్స్ చదివాను గాని, ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. "కరెంటు పోయిన కాడ్నే ఉండదు బిడ్డా. బ్యాటరీకెల్లి బయల్దేరింది మళ్ల బ్యాటరీకే రావాలె. వచ్చే తోవ ఈ ఇనుమే. ఎర్తు అంటడు మీ పెద్దనాయిన. గా తోవ బందైతె, పక్క దీపంల దూరి, ఇంకో దీపంల దూరి, దొంగలెక్క వస్తది. అందుకే మూడూ సగం సగం వెలుగుతానయ్."

బోల్టు విప్పి పట్టీ లేపింది. టార్చి నేనే పట్టాను. కింద నున్నగా, మందంగా, ఎక్కడా గీత పడకుండా నా ఎర్రరంగు. అందులో నా బ్రష్షు వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది. నాయనమ్మ ఒరిగినప్పుడు బోల్టు కదిలి ఎక్కడో ఒక మరలో ఇనుముకు ఇనుము తగిలేది. ఆమె చెయ్యి తీయగానే విడిపోయేది. ఇన్ని రాత్రులు నేను దుప్పటి కింద వణికింది నా చేతిపనికే. ఆమె అన్నం మానింది దానికే. రాత్రి చక్రం ముందు వంగిందీ దానికే. తిడుతుందని తల దించుకున్నాను.

"మంచిగేసినవ్. జర ఎక్కువ మంచిగేసినవ్" అంది పెద్దమ్మ. నా తల మీద చెయ్యి వేసింది, దానికి గ్రీజు అంటుకుని ఉందని మరిచిపోయి.

గరుకు కాగితం తీసుకుని నేనే గీకబోయాను. ఆమె ఆపింది. లోపలికి వెళ్లి నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బోల్టు వదులుగా పెట్టి, ఆమె అరచేతిని మడ్‌గార్డు మీద ఆనించి, కళ్లు మూసుకోవడం చూపించింది. చెయ్యి తీయించి, వైరుతో అదే పని చేసి చూపించింది. రంగు చూపించింది. ఎవరు వేశారో చెప్పలేదు. నేనే చెప్పాను. నాయనమ్మ నా ముఖం చూడలేదు. ఆ దీపాలనే చూసింది.

"అయితె నా కొడుకు ఇందుల లేడా?"

"లేడు అత్తమ్మా."

ఆ మాటను పెద్దమ్మ మెత్తగా చేయలేదు. ఇంకేదో చేర్చలేదు. వాకిట్లో చీకటి పూర్తిగా పడింది. వీధిలో పత్తిబండి ఏదో పోయింది. నాయనమ్మ చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను గీకుత."

కావాల్సినదానికంటే ఎక్కువే గీకింది. రంగు పొడి ఆమె ఒడి నిండా ఎర్రగా రాలింది. కింద ఇనుము వెండిలా బయటపడ్డాక కూడా ఆపలేదు. పెద్దమ్మ ఎదురుచూసింది. బోల్టు గట్టిగా బిగించాక బ్రేకు తొక్కితే ఎర్రదీపం ఒక్కటే వెలిగింది. కళ్లు తెరుచుకోలేదు. అప్పుడు స్విచ్చి వేసింది. రెండు దీపాలూ తెల్లగా, నిండుగా వెలిగి మా వాకిలంతా పరుచుకున్నాయి. నాయనమ్మ నీడ మా ఇంటి గోడ మీద కప్పు దాకా లేచింది. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మంచిగ కనవడ్తానయ్ అంది. లోపలికి పోయి కంచం ముందు కూర్చుని అన్నం పెట్టమంది. పెట్టింది నేనే. సగం తీసి పక్కకు పెట్టలేదు.

ఆ రాత్రి నాకు మళ్లీ మెలకువ వచ్చింది. నాయనమ్మ గురక వినపడుతోంది. పెద్దమ్మ మంచం ఖాళీగా ఉంది. గడప దాకా వచ్చి చూశాను. వాకిలి నల్లగా ఉంది. ఆ నలుపులో పెద్దమ్మ ఎడమ మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. చెయ్యి తీసింది. పెట్టింది. తీసింది. ఏ దీపమూ కదల్లేదు. నిప్పుకళ్లు చూసినప్పటికంటే ఆ చీకటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎవరో మాట్లాడుతుంటే అవతలివాళ్లు ఫోను పెట్టేసినట్టుంది.

నేను వచ్చినట్టు ఆమెకు తెలుసు. తిరగకుండానే అంది.

"మూడోనాడే సమజైంది బిడ్డా నాకు. అత్తమ్మ చెయ్యి పెట్టంగనే ఆరుడు, తియ్యంగనే వెలుగుడు. మీ పెద్దనాయిన నూరుసార్లు బాగుజేసిన పని గది. పని చేతగాదు గని, సంగతి తెల్సు."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఉండనీ అనుకున్న."

మడ్‌గార్డు మీది చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"ఉండనిచ్చినందుకు అత్తమ్మ రాయి కాడికి పోయింది."

అప్పుడు అర్థమైంది, ఆమె ముందు బల్బు మార్చి, ఫ్యూజు పీకి, అన్నీ అయ్యాకనే ఆ నల్లవైరు ఎందుకు తీసిందో. అది కాకపోతే బాగుండునని వెతికింది. నాయనమ్మ ఒక్కతే కాదు, ఆ ఇంట్లో ఇంకొకరు కూడా రాత్రుళ్లు ఆ కళ్లను చూస్తూ పడుకున్నారు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. చల్లటి ఇనుము మీద నా చెయ్యీ పెట్టాను. కాసేపటికి ఇద్దరం లోపలికి వచ్చాం.

నాయనమ్మ ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది. పెద్దమ్మ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఒక్కటే. ఏదైనా సగం వెలుగుతుంటే వెలుగు దగ్గర కాదు, అది తిరిగి వచ్చే దారిలో వెతుకుతాను. బడి నుంచి పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే నా గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. భయం నాకు తగ్గలేదు. కానీ భయపెట్టేదాన్ని వేలితో తాకి, అది ఎక్కడ మొదలైందో చూసేదాకా నేను నిద్రపోలేను. ఈ రాత్రి పిల్లలకు ఏం లేదు అని చెప్పి, చూడకుండా వదిలేశాను. ఉండనిచ్చాను.

ఈ చివరి మాటలు పొద్దున రాస్తున్నాను. మా ఆయన తొమ్మిదింటికి గాని కారు తీయడు. పెద్దమ్మ నా పెళ్లిలో సారె పెట్టెలో పెట్టి పంపిన ఆ పొడుగాటి నల్లవైరు తీశాను. పిల్లలిద్దర్నీ పాచిముఖాలతోనే వాకిట్లోకి తీసుకొచ్చాను. ఎడమ లైటు ఇంకా సన్నగా వెలుగుతూనే ఉంది. చిన్నవాడు నా కొంగు వదల్లేదు. పెద్దదాని చేతిలో వైరు కొస పెట్టి ఇలా చెప్పాను.

"రాత్రి ఏం లేదన్న కదా, అది అబద్ధం. ఏదో ఉంది. ఏంటో నాకూ తెలువదు. ముగ్గురం కలిసి చూద్దాం. ఒక్కటే మాట. కారణం దొరికినంక అది మనకు నచ్చకున్నా సరే, దాచుకోవద్దు."